దంత రబ్బరు పట్టీల బలక్షయం

దంత రబ్బరు పట్టీల బలక్షయం అనగా వంకర పళ్లను, ఎత్తు పళ్లను సరిచేసే చికిత్సలో వాడే రబ్బరు పట్టీలు, రబ్బరు గొలుసులు నోటిలో సాగి ఉన్నంత కాలం తమ లాగుడు బలాన్ని క్రమంగా కోల్పోవడం. ఈ చికిత్సను వైద్య పరిభాషలో ఆర్థోడాంటిక్స్ అంటారు. వాడుకలో "పళ్లకు క్లిప్పులు వేయించుకోవడం" అని చెబుతారు. క్లిప్పులలో కనిపించే లోహపు తీగ పళ్లకు దారి చూపిస్తే, వాటిని ఆ దారి వెంట లాగే పని చాలా సందర్భాలలో రబ్బరు చేస్తుంది. ఆ లాగుడు ఎంత కాలం నిలుస్తుందన్న దానిపై చికిత్స ఎన్ని నెలలలో ముగుస్తుందన్నది కొంతవరకు ఆధారపడి ఉంటుంది.

రబ్బరు పట్టీల బలంలో ఎక్కువ భాగం మొదటి రోజునే, అందులోనూ మొదటి కొన్ని గంటలలోనే తగ్గిపోతుంది. దీనికి ముఖ్య కారణాలు సాగి ఉన్న స్థితి, నోటిలోని తడి, వేడి. పళ్లు తోముకోవడం వలన కలిగే అదనపు నష్టం వీటితో పోల్చినప్పుడు స్వల్పం. కావున రబ్బరు బలహీనపడుతుందన్న భయంతో బ్రష్షు చేయడం తగ్గించుట సరికాదు. గడువు ప్రకారం రబ్బరును మార్చుకోవడమే ఈ సమస్యకు తగిన పరిష్కారం.

పన్ను ఎలా కదులుతుంది

పన్ను దవడ ఎముకలో మేకు దిగినట్లు దిగి ఉండదు. పంటి వేరుకు, ఎముకకు నడుమ సుమారు పావు మిల్లీమీటరు మందం గల మెత్తని నారపొర ఒకటి ఉంటుంది. పన్నును ఒక వైపుకు మెల్లగా లాగి ఉంచినప్పుడు, ఆ వైపున ఈ పొర నొక్కుకొనిపోయి అక్కడి ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి. వెనుక వైపున పొర సాగి, అక్కడ వేరే కణాలు కొత్త ఎముకను నిర్మిస్తాయి. ఈ విధంగా ఒక వైపు తరుగుతూ, మరొక వైపు పెరుగుతూ ఎముకలోనే పన్ను స్థానం మారుతుంది. సాధారణంగా ఈ కదలిక నెలకు ఒక మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది.

ఈ ప్రక్రియకు పెద్ద బలం అక్కరలేదు. పన్నును ఒరిగించడానికి 35 నుండి 60 గ్రాములు, నిటారుగా మొత్తంగా జరపడానికి 70 నుండి 120 గ్రాములు సరిపోతాయని దంత వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇక్కడ గ్రాములు అనగా అంత బరువును వేలాడదీసినప్పుడు కలిగే బలమని అర్థం. వంద గ్రాముల బలం దాదాపు ఒక న్యూటన్‌కు సమానం. బలం మరీ ఎక్కువైతే నారపొరలోని రక్తనాళాలు నొక్కుకొనిపోయి రక్తప్రసరణ ఆగిపోతుంది. అప్పుడు పన్ను వేగంగా కదలడానికి బదులు కొన్నాళ్లు ఉన్నచోటనే నిలిచిపోతుంది, నొప్పి పెరుగుతుంది, పంటి వేరు కొస కరిగే ప్రమాదం కూడా ఉంటుంది. బలం మరీ తక్కువైనా, రోజులో కొద్దిసేపే ఉన్నా కదలిక మొదలు కాదు. రోజుకు కనీసం నాలుగు నుండి ఎనిమిది గంటల పాటు బలం పనిచేస్తేనే ఎముకలో మార్పులు ప్రారంభమవుతాయి. కావున ఈ చికిత్సకు కావలసినది తక్కువ బలం, ఎక్కువ సేపు. రబ్బరు గుణం ఇందుకు భిన్నమైనది. అది మొదట గట్టిగా లాగి, తరువాత సడలిపోతుంది.

రబ్బరు పట్టీలలో రకాలు

క్లిప్పుల చికిత్సలో మూడు రకాల రబ్బరు వస్తువులు కనిపిస్తాయి. బలక్షయం గురించి తెలుసుకొనే ముందు వీటి తేడా తెలియడం అవసరం.

మొదటిది ఎలాస్టిక్. ఇది చిన్న ఉంగరం వంటి రబ్బరు బ్యాండు. దీనిని రోగియే స్వయంగా పెట్టుకొని తీసివేస్తాడు. సాధారణంగా పై దవడలోని ఒక కొక్కెం నుండి క్రింది దవడలోని మరొక కొక్కేనికి దీనిని తగిలిస్తారు. పై పళ్లు ముందుకు ఉన్నవారికి పై కోరపన్ను నుండి క్రింది దవడపన్నుకు, క్రింది పళ్లు ముందుకు ఉన్నవారికి పై దవడపన్ను నుండి క్రింది కోరపన్నుకు తగిలించడం పరిపాటి. ఇవి ఎక్కువగా రబ్బరు చెట్టు పాల నుండి తయారవుతాయి. రబ్బరు పాలు పడనివారి కొరకు కృత్రిమ పదార్థంతో చేసినవి కూడా కలవు.

రెండవది రబ్బరు గొలుసు. దీనిని దంత వైద్యులు పవర్ చైన్ అంటారు. చిన్న చిన్న రింగులు ఒకదానికొకటి అంటుకొని వరుసగా ఉన్న పట్టీ ఇది. పన్ను తీసివేసిన తరువాత మిగిలిన ఖాళీని మూయడానికి, పళ్ల మధ్య సందులను దగ్గర చేయడానికి వాడతారు. దీనిని వైద్యుడే బిగిస్తాడు. మరల వైద్యుడు మార్చే వరకు అది నోటిలోనే ఉంటుంది.

మూడవది లిగేచర్. పంటిపై అంటించిన బ్రాకెట్‌లో తీగ జారిపోకుండా పట్టి ఉంచే చిన్న రంగు రింగు ఇది. పిల్లలు ఇష్టపడి ఎంచుకునే రంగులు ఈ రింగులవే. గొలుసులు, లిగేచర్లు సాధారణంగా పాలియూరిథేన్ అనే కృత్రిమ పదార్థంతో తయారవుతాయి.

ఎలాస్టిక్ పొట్లంపై రెండు కొలతలు ఉంటాయి. ఒకటి రింగు లోపలి వ్యాసం, అంగుళాలలో. రెండవది బలం, ఔన్సులలో. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. ఉదాహరణకు 1/4 అంగుళం, 4.5 ఔన్సులు అని వ్రాసి ఉంటే, 6.35 మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ రింగును మూడు రెట్లు, అనగా 19 మిల్లీమీటర్ల వరకు సాగదీసినప్పుడు అది సుమారు 128 గ్రాముల బలంతో లాగుతుందని అర్థం. ఈ "మూడు రెట్ల" లెక్క కంపెనీలు పాటించే సాధారణ పద్ధతి. నోటిలోని దూరం అంతకంటే ఎక్కువైతే బలం పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. కొన్ని కంపెనీలు గుర్తుపట్టడం సులభమని పొట్లాలపై జంతువుల బొమ్మలు వేస్తాయి. ఒక కంపెనీ బొమ్మకు మరొక కంపెనీ బొమ్మతో సంబంధం ఉండదు కనుక కొలతలనే చూడవలెను.

చరిత్ర

పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ లోపం పోతుందని కనుగొన్నాడు. వల్కనీకరణం అనబడే ఈ పద్ధతి వచ్చిన తరువాతనే నమ్మదగిన రబ్బరు పట్టీలు సాధ్యమయ్యాయి. 19వ శతాబ్దపు చివరి దశకంలో అమెరికా దంత వైద్యులు కాల్విన్ కేస్, హెన్రీ బేకర్ పై దవడకు, క్రింది దవడకు మధ్య రబ్బరు పట్టీలు తగిలించే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. ఆధునిక ఆర్థోడాంటిక్స్‌కు ఆద్యుడుగా పేరొందిన ఎడ్వర్డ్ ఏంగిల్ ఈ పద్ధతిని బేకర్ పేరుతో ప్రచారం చేశాడు.

పాలియూరిథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీకి చెందిన ఒట్టో బేయర్ బృందం కనుగొన్నది. దానితో చేసిన దంత గొలుసులు 1960ల దశకంలో వైద్యుల చేతికి వచ్చాయి. ఇవి చవక, వాడడం సులభం, రోగి సహకారంపై ఆధారపడవు. అందువలన త్వరగా వ్యాపించాయి. వాటి బలం ఎంత త్వరగా తగ్గిపోతుందో కూడా అప్పటి నుండే పరిశోధకులు కొలవడం ప్రారంభించారు. 1970లో ఆండ్రియాసెన్, బిషారా అనే పరిశోధకులు రబ్బరు పాల ఎలాస్టిక్‌లను కృత్రిమ గొలుసులతో పోల్చి, మొదటి రోజున గొలుసులే చాలా ఎక్కువ బలాన్ని కోల్పోతాయని చూపించారు. ఆ తరువాత వచ్చిన అనేక అధ్యయనాలు స్థూలంగా దీనినే బలపరచాయి.

బలం ఎందుకు తగ్గుతుంది

సైకిలు క్యారియరుకు సామాను కట్టడానికి పాత ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీని వాడడం మనకు తెలిసినదే. దానిని కొత్తగా కట్టినప్పుడు బిగువుగా ఉంటుంది. కొన్ని నెలలు అలాగే సాగదీసి ఉంచి విప్పితే అది మొదటి పొడవుకు తిరిగి రాదు, బిగువూ ఉండదు. నోటిలోని రబ్బరుకు జరిగేది కూడా ఇదే. అయితే అక్కడ తడి, వేడి తోడవుతాయి కనుక త్వరగా జరుగుతుంది.

రబ్బరు పొడవైన దారాల వంటి అణువులతో ఏర్పడినది. ఇటువంటి అణువులను పాలిమర్లు అంటారు. సాగదీయనప్పుడు ఈ దారాలు చిక్కుపడి ముడుచుకొని ఉంటాయి. సాగదీసినప్పుడు అవి చక్కబడి ఒక దిశలోకి వస్తాయి. మరల ముడుచుకోవడానికి అవి చేసే ప్రయత్నమే మనకు లాగుడు బలంగా తెలుస్తుంది. దారాల మధ్య అక్కడక్కడ ఉండే అడ్డు బంధాలు అవి పూర్తిగా జారిపోకుండా కాపాడతాయి.

రబ్బరును ఒకే పొడవుకు సాగదీసి చాలాసేపు ఉంచినప్పుడు చిక్కులు కొద్దికొద్దిగా వీడిపోతాయి. దారాలు ఒకదానిపై ఒకటి జారి కొత్త స్థితిలో కుదురుకుంటాయి. పొడవు మారకపోయినా లోపలి బిగువు తగ్గుతుంది. భౌతికశాస్త్ర భాషలో చెప్పవలెనన్న, వికృతి స్థిరంగా ఉండగా ప్రతిబలం తగ్గుతుంది. దీనిని ప్రతిబల సడలింపు అంటారు. సులభంగా జారగలిగిన దారాలన్నీ మొదటనే జారిపోతాయి, మిగిలినవి మెల్లగా జారుతాయి. బలక్షయం మొదట వేగంగా, తరువాత మందంగా జరగడానికి కారణం ఇదే.

తడి పాత్ర కూడా తక్కువేమీ కాదు. పాలియూరిథేన్ దారాలను కలిపి ఉంచే బంధాలలో కొన్ని హైడ్రోజన్ బంధాలు. లాలాజలంలోని నీరు పదార్థంలోనికి ఇంకి ఈ బంధాల మధ్య చేరి వాటిని సడలిస్తుంది. ఎక్కువ కాలంలో నీరు దారాలనే తెంచే రసాయన చర్య కూడా జరుగుతుంది. అందువలన పొడిగాలిలో ఉంచిన గొలుసు కంటే నీటిలో ఉంచిన గొలుసు ఎక్కువ బలాన్ని కోల్పోతుంది. గది ఉష్ణోగ్రత కంటే 37 డిగ్రీల శరీర ఉష్ణోగ్రత వద్ద ఈ సడలింపు హెచ్చుగా ఉంటుంది.

రబ్బరు పాల ఎలాస్టిక్‌లకు మరొక శత్రువు ఉన్నది. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోన్ వాయువు, ఎండ కలిసి వాటిలోని ద్విబంధాలను తెంచి పగుళ్లను కలిగిస్తాయి. కిటికీ దగ్గర కాగితాల కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు కొన్నాళ్లకు ముట్టుకోగానే తెగిపోవడం ఇందుకు నిదర్శనం. పొట్లంలోనే, చీకటిలో, చల్లని చోట ఉంచిన ఎలాస్టిక్‌లు ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఎంత తగ్గుతుంది

తయారీని బట్టి, రంగును బట్టి, సాగదీసిన దూరాన్ని బట్టి అంకెలు మారినప్పటికీ, స్థూలంగా ఈ క్రింది విధంగా చెప్పవచ్చును.

పాలియూరిథేన్ గొలుసు మొదటి 24 గంటలలో తన ఆరంభ బలంలో 50 నుండి 70 శాతం వరకు కోల్పోతుంది. ఇందులో అధిక భాగం మొదటి గంటలలోనిదే. నాలుగు వారాలు గడిచేసరికి 30 నుండి 40 శాతం మిగులుతుంది. రబ్బరు పాల ఎలాస్టిక్ మొదటి రోజున సుమారు 20 నుండి 40 శాతం కోల్పోతుంది. కృత్రిమ ఎలాస్టిక్‌లు రబ్బరు పాల ఎలాస్టిక్‌ల కంటే సాధారణంగా కొంత ఎక్కువ కోల్పోతాయి. మాట్లాడేటప్పుడు, ఆవులించేటప్పుడు దవడ మాటిమాటికి తెరుచుకొని పట్టీ అదనంగా సాగడం వలన కదలకుండా సాగదీసి ఉంచిన పట్టీ కంటే నష్టం హెచ్చుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. వైద్యుడు కోరపన్నును వెనుకకు జరపడానికి 300 గ్రాముల బలం వచ్చేటట్లు గొలుసు బిగించాడనుకుందాము. మరుసటి రోజుకు అది 90 నుండి 150 గ్రాముల మధ్యకు దిగుతుంది. నాలుగు వారాల చివర 90 నుండి 120 గ్రాములు ఉంటుంది. పైన చెప్పిన 70 నుండి 120 గ్రాముల అవసరంతో దీనిని పోల్చి చూస్తే, వైద్యుడు మొదట ఎక్కువ బలంతో ఎందుకు బిగిస్తాడో, గొలుసు వేసిన మొదటి రెండు మూడు రోజులు పళ్లు ఎందుకు సలుపుతాయో అర్థమవుతుంది.

అయితే ఈ లెక్క ప్రయోగశాలలోనిది. అక్కడ గొలుసును కదలని రెండు సూదుల మధ్య బిగిస్తారు. నోటిలో పన్ను కదులుతుంది. నెలలో ఒక మిల్లీమీటరు దగ్గరైతే గొలుసు అంత మేరకు వదులై, బలం ఇంకా తగ్గుతుంది. తీగ వెంట బ్రాకెట్ జారేటప్పుడు రాపిడి మరికొంత బలాన్ని తినివేస్తుంది. కావున నాలుగు వారాల తరువాత గొలుసు చూడడానికి చెక్కుచెదరకుండా ఉన్నా, అది చేసే పని చాలా తగ్గిపోయి ఉంటుంది. నాలుగు వారాలకు ఒకసారి రమ్మని వైద్యులు చెప్పడంలోని ఒక ముఖ్య కారణం ఇదే.

పళ్లు తోముకోవడం వలన కలిగే ప్రభావం

క్లిప్పులు వేయించుకున్న పిల్లలలో, తల్లిదండ్రులలో "గట్టిగా తోమితే రబ్బర్లు వదులైపోతాయి" అన్న సందేహం సహజం. దీనిని రెండు భాగాలుగా చూడవలెను.

రోగి స్వయంగా పెట్టుకునే ఎలాస్టిక్‌ల విషయంలో ఈ ప్రశ్నే లేదు. పళ్లు తోముకునే ముందు వాటిని తీసివేసి, తరువాత కొత్తవి పెట్టుకోవడం పద్ధతి. వాటిని బ్రష్షు తాకదు.

గొలుసులు, లిగేచర్లు మాత్రం నోటిలోనే ఉంటాయి కనుక బ్రష్షు కుచ్చు వాటిపై రాసుకుంటుంది. పేస్టులో పళ్లను శుభ్రపరిచే సన్నని గరుకు కణాలు, నురుగునిచ్చే పదార్థాలు ఉంటాయి. కుచ్చు రాపిడి వలన రబ్బరు ఉపరితలం కొంత గరుకు దేలవచ్చు, క్షణకాలం అదనంగా సాగవచ్చు. కాని కాలాన్ని లెక్కించి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి రెండు నిమిషాల చొప్పున తోముకుంటే మొత్తం నాలుగు నిమిషాలు. రోజులోని 1440 నిమిషాలలో ఇది మూడు వందల వంతు కూడా కాదు. అందులోనూ ఒక్కొక్క పంటి వద్ద బ్రష్షు ఉండేది కొన్ని క్షణాలే. మిగిలిన కాలమంతా గొలుసు సాగి, తడిసి, వెచ్చగా ఉంటుంది. పైగా మొదటిసారి బ్రష్షు తగిలే సమయానికే గొలుసు తన బలంలో పెద్ద భాగాన్ని కోల్పోయి ఉంటుంది. బలక్షయానికి ప్రధాన హేతువు కాలమే.

తోముకోకపోవడం వలన కలిగే నష్టం మాత్రం స్వల్పం కాదు. బ్రాకెట్ చుట్టూ, రబ్బరు రింగుల అంచులలో ఆహారం, బాక్టీరియాతో కూడిన పాచి చేరుతుంది. ఆ బాక్టీరియా తీపి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణీలోని ఖనిజాన్ని కరిగించగా బ్రాకెట్ చుట్టూ సున్నపు రంగు తెల్లమచ్చలు పడతాయి. శుభ్రత పూర్తిగా లోపించినచోట నాలుగు వారాలలోనే ఇవి కంటికి కనిపించగలవు. గొలుసు బలహీనపడితే మార్చవచ్చు. కరిగిన పింగాణీ మరల పూర్వం వలె కావడం కష్టం. పళ్లు వరుసలోకి వచ్చి, క్లిప్పులు తీసిన రోజున చతురపు మచ్చలు మిగలడం ఈ చికిత్సలో తరచుగా కనిపించే విచారకరమైన ఫలితం.

పల్లెలలో వేపపుల్ల, తుమ్మపుల్ల, పళ్లపొడి వాడేవారు ఇప్పటికీ కలరు. క్లిప్పులు ఉన్న కాలంలో పుల్ల అనువైనది కాదు. దాని కుచ్చు తీగ క్రిందికి, బ్రాకెట్ల మధ్యకు చేరలేదు. గట్టి కొస రింగులను లాగివేయగలదు, బ్రాకెట్‌ను ఊడదీయగలదు. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి వంటి గరుకు పదార్థాలు పింగాణీని అరగదీస్తాయి. మెత్తని కుచ్చు గల బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టు, తీగ క్రింద దూర్చి తోమడానికి సన్నని చిన్న బ్రష్షు శ్రేష్ఠం.

మౌత్‌వాష్, ఆహారం

ఆల్కహాలు గల మౌత్‌వాష్‌లు రబ్బరు గొలుసుల బలక్షయాన్ని పెంచుతాయని ప్రయోగశాల పరీక్షలలో తేలింది. కావున మౌత్‌వాష్ అవసరమైనవారు ఆల్కహాలు లేనిదానిని వైద్యుని సలహాపై ఎంచుకోవడం మంచిది. పసుపు వేసిన పప్పు, పులుసు, కూరలు తెల్లని లేదా పారదర్శకమైన రింగులకు, గొలుసులకు పచ్చని మరక పట్టిస్తాయి. రంగు మారినంత మాత్రాన బలం పోయిందని అనుకోరాదు. అది చూడడానికి మాత్రమే ఇబ్బంది. తెలుగువారి భోజనంలో పసుపు తప్పనిసరి కనుక ముదురు రంగు రింగులు ఎంచుకుంటే ఈ బెడద తప్పుతుంది. సకినాలు, చెరకు, మక్కజొన్న కంకి, మరమరాల ముద్ద వంటి గట్టివి, అంటుకునేవి బ్రాకెట్లను ఊడదీస్తాయి. బ్రాకెట్ ఊడితే గొలుసు ఎంత బలంగా ఉన్నా ఆ పంటికి పని జరగదు.

దూర గ్రామాలలో ఈ విషయపు ప్రాముఖ్యత

పట్టణంలో ఉన్నవారికి నాలుగు వారాలకు ఒకసారి దవాఖానకు వెళ్లిరావడం కష్టం కాకపోవచ్చు. దూర గ్రామాలవారికి అది ఒక దినపు పని. ఉదాహరణకు వీర్నపల్లి. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైంది. అంతకు ముందు కరీంనగర్ జిల్లా ఎల్లారెడ్డిపేట మండలంలోని గ్రామం. చుట్టూ అడవి, గిరిజన తండాలు గల ప్రాంతమిది. ఆర్థోడాంటిక్స్ నిపుణులు సాధారణంగా పట్టణాలలోనే ఉంటారు కనుక ఇటువంటి చోటి విద్యార్థి సిరిసిల్లకో, కరీంనగర్‌కో, నూరు కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాదుకో వెళ్లవలసి ఉంటుంది. హైదరాబాదులోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల వంటి బోధనాసుపత్రులలో ఖర్చు తక్కువైనా, బస్సు ఛార్జీలు, తోడు వచ్చేవారి కూలి నష్టం, బడి నష్టం తప్పవు. ఇందువలన గడువులు తప్పడం సహజం.

ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే పళ్లకు హాని ఏమీ కలగదు, పని మందగిస్తుంది. రెండు మూడు నెలలు తప్పిపోతే గొలుసు దాదాపు నిరుపయోగంగా ఉంటుంది. లిగేచర్లు వదులై తీగ పట్టు తప్పి, కుదిరిన పన్ను మరల పక్కకు తిరగవచ్చు. పాచి కూడా పేరుకుంటుంది. ఆ విధంగా ఏడాదిన్నరలో ముగియవలసిన చికిత్స మూడేళ్లకు సాగుతుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువ. చదువు కొరకు దూరపు హాస్టళ్లకు వెళ్లే పిల్లలూ ఎక్కువే. చికిత్స నడుమ ఇటువంటి ప్రయాణం ఉన్నవారు ముందుగానే వైద్యునికి చెప్పవలెను. దీనికి వైద్యుని వద్ద ఉపాయాలు కలవు. రబ్బరు గొలుసుకు బదులు నికెల్-టైటానియం మిశ్రలోహపు స్ప్రింగు వేస్తే అది చాలా కాలం దాదాపు ఒకే బలంతో లాగుతుంది. ఖరీదు ఎక్కువైనా రాకపోకలు తగ్గుతాయి. రబ్బరు లిగేచరుకు బదులు సన్నని స్టీలు తీగతో కడితే అది సడలదు. ఎలాస్టిక్ వాడేవారు రావలసిన రోజు వరకు సరిపడా పొట్లాలు అడిగి తీసుకోవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

ఎలాస్టిక్‌లను వైద్యుడు చెప్పినన్ని గంటలు పెట్టుకోవలెను. రోజుకు ఒకసారైనా కొత్తది మార్చడం సాధారణ నియమం. తెగలేదు కదా అని వారం రోజులు ఒకదానినే వాడితే బలం సరిపోదు.

ఒక రోజు మరచిపోయినందుకు మరుసటి రోజు రెండు పట్టీలు కలిపి పెట్టుకొనరాదు. రెండింతల బలం వలన రెండింతల కదలిక రాదు. పైన చెప్పినట్లు రక్తప్రసరణ ఆగి నొప్పి, వేరు కరగడం వంటి చిక్కులు వస్తాయి.

ఎలాస్టిక్ పొరపాటున కడుపులోనికి పోతే సాధారణంగా మలంతో బయటకు వచ్చేస్తుంది. దగ్గు, ఆయాసం కలిగితే మాత్రం అది శ్వాసనాళంలోకి వెళ్లిందేమోనని వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలెను.

పెదవులు వాచడం, దురద, నోటిలో మంట కనిపిస్తే రబ్బరు పాలు పడకపోవడం కావచ్చు. పట్టీ తీసివేసి వైద్యునికి చెప్పి, రబ్బరు పాలు లేని రకానికి మారవలెను.

ముందు పళ్ల మధ్య సందును మూయడానికి ఇంటిలో రబ్బరు బ్యాండును పళ్ల చుట్టూ చుట్టుకోవడం మిక్కిలి ప్రమాదకరం. పంటి వేరు కొస వైపు సన్నబడుతుంది. పట్టీ ఆ వాలు వెంట చిగురు లోనికి జారిపోతుంది, బయటకు కనిపించదు. లోపల నారపొరను, ఎముకను నాశనం చేస్తూ వేరు వెంట పైకి పాకుతుంది. ఆరోగ్యమైన పళ్లు కదిలి ఊడిపోయిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో అనేకం కలవు. ఇక్కడ బలం తక్కువైనా రక్షణ లేదు.

బడిలో చేయదగిన ప్రయోగం

రబ్బరు బలక్షయాన్ని విద్యార్థులు సులభంగా కొలిచి చూడవచ్చు. కావలసినవి: ఒకే పొట్లంలోని ఆరు చిన్న రబ్బరు బ్యాండులు, చెక్క పలకలు రెండు, తుప్పు పట్టని మేకులు, గ్రాములు చూపే స్ప్రింగు త్రాసు, స్కేలు, నీరు, గోరువెచ్చని నీటి కొరకు ఒక పాత్ర.

మొదట ప్రతి బ్యాండు వ్యాసాన్ని కొలిచి, దానిని మూడు రెట్లు సాగదీసినప్పుడు త్రాసు చూపే బలాన్ని వ్రాసుకోవలెను. తరువాత ఒక్కొక్క పలకపై అంతే దూరంలో రెండేసి మేకులు కొట్టి, మూడు బ్యాండుల చొప్పున తగిలించవలెను. ఒక పలకను పొడిగా నీడలో ఉంచి, రెండవదానిని నీటిలో ముంచి ఉంచవలెను. వీలైనప్పుడు ఆ నీటిని గోరువెచ్చగా మార్చవచ్చు. ఒక గంటకు, 24 గంటలకు, ఏడు రోజులకు మరల అదే పొడవు వద్ద బలాన్ని కొలవవలెను. నీటిలోని మూడింటిలో ఒకదానిని రోజుకు రెండుసార్లు బ్రష్షుతో, పేస్టుతో తోమి, తోమని రెండింటితో పోల్చవచ్చు.

కాలాన్ని అడ్డంగా, మిగిలిన బలపు శాతాన్ని నిలువుగా తీసుకొని గ్రాఫు గీస్తే మొదట నిటారుగా దిగి, తరువాత చదునయ్యే రేఖ వస్తుంది. కాగితాలకు వాడే బ్యాండుల అంకెలు దంత వైద్యపు పట్టీల అంకెలతో సరిపోకపోవచ్చు, రేఖ ఆకారం మాత్రం ఒకటే. ఆ రేఖలో నిటారు భాగం మొదటి రోజు నొప్పికి, చదునైన భాగం మిగిలిన నెల రోజుల నెమ్మది పనికి గుర్తు. వైద్యుని వద్దకు తిరిగి వెళ్లడమంటే ఆ రేఖను మరల మొదటి నుండి ప్రారంభించడమే.